మూడు రోజుల్లో వస్తానన్న సరంగు

పాటే అనే రేవు ఊళ్ళో కొబ్బరిపీచు తాళ్ళు పేనే మ్వనకొంబోకి కోపం ముక్కు మీదే ఉంటుందనేవారు. ఇరవై ఏడో ఏటి దాకా ఆమె అలాంటి మనిషి కాదు.

ఆ ఏడు తాళ్ళు అమ్ముకోవడానికి ఆమె ఎక్కిన అరబ్బు రేవుల ఓడ పగడపు దిబ్బకు తగిలి పగిలింది. ఆమెతో కలిపి తొమ్మిదిమంది ఓ లంకకు ఈదుకొచ్చారు. మిగిలిన ఒక్క పడవనీ షీ అనే సరంగు తీసుకుని, "మూడు రోజుల్లో వస్తా, కదలకండి" అని వెళ్ళిపోయాడు.

లంక నడుమ ఇసుకలో సగం కూరుకుపోయి ఒక నల్లటి ఇనప గుమ్మటం ఉంది. ఎవరు చేశారో, ఏ ఆకాశం నుంచి పడిందో. లోపల సన్నటి రొద, పైనుంచి బొట్లు బొట్లుగా మంచినీళ్ళు. నీడకని అందులో దూరారు. బయటికి చూస్తే పగలో రాత్రో తెలియని బూడిదరంగు వెలుగు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖర్జూరం బస్తా పంతొమ్మిది నిద్రల వరకూ వచ్చింది. అదీ అయిపోయాక దుంగలు కట్టి, తెప్ప మీద ఊరు చేరారు.

ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు గడిచిపోయాయి. నాలుగేళ్ళ పిల్లగా వదిలి వెళ్ళిన కూతురు మ్వనషా ఇప్పుడు తల్లికంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ మొహం చూసి తలుపేసుకుంది.

మ్వనకొంబో సరాసరి షీ ఇంటికెళ్ళింది. ముసలి సరంగు అరుగు మీద పదిమందితో కాఫీ తాగుతున్నాడు.

"ఏం సరంగూ, మూడు రోజులు అయ్యాయా?"

కప్పు జారిపోయింది. "నువ్వు... జిన్నువి, దెయ్యానివి."

"జిన్నుకి ఆకలేస్తుందా? నేను తిని రెండ్రోజులైంది. మేం మునిగిపోతుంటే కళ్ళారా చూశానన్నావట."

"వచ్చానమ్మా. ఇంకో సరుకు దింపి రెండు నెలలకి వచ్చాను. మీరంతా లోపల నిలబడున్నారు. నువ్వు దోసిలి పట్టావు. నీటిబొట్టు గాల్లోనే ఆగిపోయింది. ఎంత పిలిచినా ఒక్కరూ రెప్ప వెయ్యలేదు. భయమేసి పారిపోయా."

"భయం ఎవరికైనా వేస్తుంది. ఊరికెందుకు చెప్పలేదు? చెప్తే మావాళ్ళు వచ్చేవాళ్ళు. నా బిడ్డని ఆ గుమ్మం దాకా తెచ్చేవాళ్ళు."



పక్కనున్నాయన, "పోనీలేమ్మా, పెద్దవాడు, వయసుకైనా మర్యాదివ్వు" అన్నాడు.

"లెక్కకి నాకూ యాభై ఎనిమిదే. నాకెవరిస్తారయ్యా మర్యాద?"

ఆర్నెల్లకి మ్వనషా తలుపు తీసింది. కానీ ఎన్నేళ్ళు గడిచినా అమ్మా అని నోరు రాలేదు, "ఏమేవ్" అనేది. అలా పిలిచినప్పుడల్లా మ్వనకొంబో షీనే తిట్టేది.

అతను పోయిన రోజు ఊరంతా జనాజాకి కదిలింది. ఆమె గడప దాటలేదు.

"ఇంకా అడగాల్సినవి మిగిలే ఉన్నాయి. అప్పుడే పోయాడు" అంది.