కాగితాల్లేని బుల్లెట్టు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్లం రాష్ట్రం కంటే ముందే నంబర్ ప్లేట్లు తెచ్చుకున్నాం. ఢిల్లీలో ఎవరేం తేల్చినా తేల్చకపోయినా, బండి మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకుంటే మా మటుకు మాకు తెలంగాణ వచ్చేసినట్టే. నేనప్పుడు ఒక బట్టల షాపులో చీరలు మడతపెట్టే కొలువులో ఉన్నాను. (మాది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. తాత చీరలు నేశాడు, బాపు అమ్మాడు, నా వంతుకు మడతపెట్టడం మిగిలింది.) మూసారాంబాగ్‌లో మేమంతా గ్రీజు మామ అని పిలిచే మెకానిక్ దగ్గర ఒక ముసలి బుల్లెట్టు మూలన పడి ఉంటే, దసరా బోనస్ మొత్తం పోసి కొనేశాను. "కాగితాలేవి మామా?" అంటే, "గింత పెద్ద బండి కండ్ల ముంగట ఉండంగ కాగితమెందుకు బిడ్డా?" అన్నాడు. నాకది ఎంతో సబబుగా తోచింది. ఇరవై రెండేళ్ల వయసులో ఏదైనా సబబుగానే తోస్తుంది.

తుప్పు గీకి, టీజీ అని నా చేత్తోనే రాసుకుని ఎల్బీనగర్ ర్యాలీకి వెళ్లాను. బండి చప్పుడుకు నా నినాదం నాకే వినపడలేదు. చౌరస్తాలో ఒక పెద్దవయసు కానిస్టేబుల్ అన్ని బండ్లనూ వదిలి నన్నొక్కడినే పక్కకు పిలిచాడు. ఉద్యమకారుణ్ణి గుర్తుపట్టాడనుకుని ఛాతీ పొంగించాను. "ఆర్సీ చూపెట్టు" అన్నాడు. "తెలంగాణ కోసం కొట్లాడుతున్నం అన్నా" అన్నాను. "తెలంగాణ అందరం కలిసి తెచ్చుకుందాం తియ్. నువ్వు జర ఆర్సీ తెచ్చుకో." బండి పోలీస్ స్టేషనుకు, నేను సిటీ బస్సుకు వెళ్లిపోయాం. కాగితాలు చూపిస్తే బండి ఇస్తారు, లేకపోతే వేలం వేస్తారు.

రవాణా ఆఫీసు బయట గొడుగు కింద కూర్చునే ఏజెంటు (గొడుగు సారు అనేవాళ్లం) పాత రిజిస్టరులోంచి అసలు యజమాని పేరు, ఎల్బీనగర్ అడ్రసు చీటీ మీద రాయించి తెచ్చాడు. "ఈయన సంతకం గావాలె. మనిషి లేకపోతే డెత్ సర్టిఫికెట్టు, పెండ్లాం సంతకం. గంతే" అన్నాడు, ఉప్పూ చింతపండూ చెప్పినంత తేలిగ్గా.

ఆ ఇంటి గేటుకు 'ఫాల్, పీకో చేయబడును' అని బోర్డుంది. లోపల మిషను కుడుతున్న ఆవిడ "ఎవరు కావాలండీ?" అనగానే కోస్తా మనిషని తెలిసిపోయింది. మొన్నటిదాకా వాళ్ల మీద నేను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చాయి. పని కావాలి కదా, గొంతు మార్చి, "నమస్కారమండీ, తమరి శ్రీవారు ఉన్నారాండీ?" అన్నాను. మిషను ఆగింది. "నీ మాట నువ్వు మాట్లాడు బాబూ. మావారిది నల్గొండే. ఇరవయ్యేళ్లు ఆ మాటే విన్నాను." కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి, "ఆయన పోయి ఆరేళ్లయింది" అంది.

సిగ్గుతోనే బండి సంగతి చెప్పి చీటీ చేతికిచ్చాను. ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "అక్కడ ఇంకా బతికే ఉన్నారా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో, బ్యాంకులో అన్నిట్లోంచీ తీయించాను. కాళ్లరిగేలా తిరిగి నేనే తీయించాను. ఇదొక్కటి మర్చిపోయాను." బండిని పాత ఇనుముకు వేశామని మరిది చెప్పాడట, అదీ పెద్దకర్మ అయినా కాకముందే. "అయితే బండి మీదేనమ్మా" అన్నాను కానీ, ఆవిడ వద్దనాలని లోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అబద్ధమెందుకు చెప్పాలి! "నేనేం తోలతాను? ముక్కలు కాలేదు, అది చాలు. ఆ చప్పుడు వీధి మలుపులో వినపడగానే పొయ్యి మీద టీ పెట్టేదాన్ని. నాలుగు రోజులాగి రా బాబూ, సంతకం చేస్తాను."

నాలుగు రోజుల్లో తెలంగాణ కోసం సమ్మె మొదలై ఆఫీసులన్నీ మూతపడ్డాయి. సమ్మె జిందాబాద్ అని అరిచిన నోటితోనే, "ఆఫీసెప్పుడు తెరుస్తరు సారూ?" అని గొడుగు సారును అడిగాను. "బంద్ పెట్టింది మీరు, నన్నడుగుతవేంది తమ్మీ?" అన్నాడు. నేను తల పట్టుకుంటే, ఆవిడ మాత్రం "పోనీలే, ఆయన అక్కడ ఇంకొన్నాళ్లుంటారు" అంది. ఆ తర్వాత షాపు చీరలకు ఫాల్ వేయించే నెపంతో వారం వారం వెళ్లేవాణ్ణి. ఆవిడ కుడుతూ ఆయన కబుర్లు చెప్పేది.

సమ్మె ముగిసింది. ఆవిడ చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, యజమాని మరణించిన తేదీ అన్నచోట తనే రాసింది. అక్షరం ఎక్కడా వంకర పోలేదు. తర్వాత స్టేషను నుంచి బండిని విడిపించుకోవడం, తనిఖీ చేసే సారు నా టీజీని నాచేతే గీకించడం ("రాష్ట్రమొచ్చినంక రాసుకో") అన్నీ అయ్యి, నా పేరుతో ఆర్సీ వచ్చింది. పట్టరాని సంతోషంతో ఆవిడకు చూపించాలని వెళ్లాను. మలుపు తిరిగి, గేటు ముందు బండి ఆపి, లోపలికి వెళ్లేసరికి పొయ్యి మీద టీగిన్నె, స్టూలు మీద రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి. ఆవిడ నన్ను చూసి, "నువ్వా బాబూ" అంది. తర్వాత, "చేతులు వాటంతటవే పెట్టేశాయి" అని కొంగు కళ్లకద్దుకుంది. ఆర్సీ జేబులోంచి తీయలేకపోయాను. ఆయన గ్లాసులో టీ నేను తాగాను. ఇప్పటికీ అది దొంగతనంలాగే అనిపిస్తుంది.

అప్పటి నుంచి మలుపుకు ముందే ఇంజను ఆపేసి, బండిని నెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి. ఆర్సీ లేనప్పుడు దర్జాగా తోలి, వచ్చాక నెట్టుకుంటూ తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. "ఏమైంది బాబూ?" అంటే, "పెట్రోలు అయిపోయిందమ్మా" అనేవాణ్ణి. "ప్రతిసారీ మా వీధి దగ్గరే అయిపోతుందా?" అని నవ్వేది. తెలిసే నవ్విందనుకుంటాను.

రాష్ట్రం వచ్చింది. ముందు టీఎస్ అన్నారు, పదేళ్లకు టీజీయే అన్నారు. నా బండి మీద మాత్రం ఆయన నాటి నంబరే ఉంది. ఆవిడా ఆయన దగ్గరికే వెళ్లిపోయింది, ఆ బోర్డు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపుంది. అయినా ఆ మలుపు రాగానే నా చెయ్యి ఇంజను ఆపేస్తుంది. అప్పుడే నెరుస్తున్న జుట్టుతో, ఆయాసపడుతూ బండిని నెట్టుకుంటూ పోతుంటే మొబైల్ షాపాయన బయటికొచ్చి, "పెట్రోల్ అయిపోయిందా సార్?" అంటాడు.

"అవునన్నా" అంటాను.