ఇత్తడి అనుకున్న గడియారం

అనకాపల్లి మెయిన్ రోడ్డు పక్క సందులో మా నాన్నకు వాచీలు బాగుచేసే దుకాణం ఉండేది. అప్పటికే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. టైము కోసం వాచీ చూసుకునేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ, దుప్పట్లో చుట్టిన గడియారాన్ని ఆటోలో తీసుకొచ్చింది.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అంత అందమైన వస్తువును అంతకుముందు చూడలేదు. పొట్టి స్తంభం మీద మోచెయ్యి ఆనించి ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆమె బట్ట మడతలు నిజం గుడ్డలాగే జారుతున్నాయి. స్తంభంలో తెల్లటి డయలు, చుట్టూ ఆకుల దండ. ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాన్సు సన్యాసిని సిస్టరుగారు స్వదేశం వెళ్ళిపోతూ ఆవిడకిచ్చారట. ఆగిపోయి చాలా ఏళ్ళయిందట.

నాన్న విప్పి చూస్తే, లోలకాన్ని వేలాడదీసే సన్నటి పట్టుదారం తెగి ఉంది. అమ్మ పాత పట్టుచీర అంచులోంచి ఒక పోగు లాగాడు. చూపు ఆనక ముడి నాచేత వేయించాడు.

మర్నాడు ఆయన విశాఖపట్నం వెళ్ళాడు. వచ్చేసరికి గడియారం ధగధగలాడాలని, నల్లబడ్డ పీఠాన్ని చింతపండు, ఇటికపొడి పెట్టి తోమాను. ఒక మూల పసుపు మెరుపంతా పోయి, గోధుమరంగు లోహం బయటపడింది. ఎంత తుడిచినా అంతే.

“ఏటి సేసేవమ్మా?” అన్నాడు నాన్న, రాగానే.

“ఇత్తడనుకున్నాను నాన్నా.”

“ఇత్తడి కాదే. కంచు. మీద బంగారం పూత. జాగర్తని ఆవిడ మరీ మరీ సెప్పింది.”

తిట్టలేదు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు.

“రంగు పూసేద్దాం. ఆవిడకి తెలీదు,” అన్నాను.

“మనకి తెలుసు కదా.”

తెల్లారాక నన్ను వెంటబెట్టుకుని, గడియారంతో గవరపాలెంలో ఆవిడ ఇంటికి వెళ్ళాడు. తోమింది నేనేనని నా నోటితోనే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ మూలను వేలితో తడిమింది. తర్వాత గడియారాన్ని మెల్లగా వెనక్కి తిప్పింది. బొమ్మ వీపు మీద అరచేయంత మేర అదే గోధుమరంగు మచ్చ.

“సిస్టరమ్మ ఇచ్చిన ఏడే, క్రిస్మస్‌కని నేనూ తోమేసేను. వెనకాల తోమి సూద్దామనుకున్నాను, అంతలోకే పూత పోయింది. గోడవేపు తిప్పి పెట్టేసేను. ఆవిడ పోయేదాకా ఉత్తరాలు రాసేను గానీ ఈ సంగతి మాత్రం రాయలేకపోయేను.” నా తల మీద చెయ్యి వేసింది. “నువ్వు మర్నాడే వచ్చేసేవు.”

నాన్న గడియారాన్ని బల్ల మీద పెట్టి, లోలకం తగిలించి కదిపాడు. అది నడిచింది. గంట కొట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. సిస్టర్ల భోజనాల గదిలో ఇదే చప్పుడు వినేదాన్నని చెప్పింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం సాయంత్రం నాన్న గడియారానికి కీ ఇవ్వడానికి వెళ్ళేవాడు. అప్పుడప్పుడు నేనూ వెళ్ళేదాన్ని. ఆవిడ టీ, గులాబీ పువ్వుల పిండివంట పెట్టేది. మూడేళ్ళకు ఆవిడ పోయింది. గడియారాన్ని చెల్లెలి కూతురు తీసుకెళ్ళింది.

ఆ తర్వాత కూడా కొన్ని శనివారాలు నాన్న ఆ వేళకి ఉతికిన చొక్కా తొడుక్కుని, గుమ్మం దాకా వచ్చి, మెట్టు మీద కూర్చునేవాడు.