పర్లేదు అనే మాట

మా ఫ్రాంకెన్ జనానికి నోరారా మెచ్చుకోవడమంటే ఆస్తి రాసిచ్చినంత బాధ. జర్మనీలో మిగతా చోట్ల ఆహా ఓహో అంటారేమో గానీ, ఇక్కడ బీరు అమృతంలా ఉన్నా గ్లాసు కింద పెట్టి "పర్లేదు" అంటారు. అంతే, దాన్ని మించిన మెప్పు మా ఊళ్లో లేదు. వాల్బుర్గా తనంతట తాను కాచిన తొలి పిల్స్ బీరు తాగి, ఆమె తండ్రి మీసానికంటిన నురగ తుడుచుకుని ఆ మాటే అన్నాడు. ఆవిడ గోదాములోకి వెళ్లి తలుపేసుకుని సంతోషంతో ఏడ్చింది. తండ్రి పోయాక ఆ ఊరి బీరు కార్ఖానాలో బీరు కాచే పెద్ద ఆవిడే అయింది.

అలాంటి వాల్బుర్గాకు మొన్న చలికాలంలో జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. కాఫీ అయినా, మాడిన రొట్టె అయినా గోడను వాసన చూసినట్టే ఉంది. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని ఎదురు చూసింది. వేసవి వచ్చింది గానీ వాసన రాలేదు. ఎవరితోనైనా చెప్పొచ్చుగా అంటారా? చెబితే ఇంకేముంది, ఆ ట్యాంకుల గదిలో ఆవిడకు పనేముంటుంది? ఆ గది కాక ఆవిడకు వేరే బతుకు తెలియదు. రాత్రీ పగలూ అదే దిగులు.

ఇన్నాళ్లూ నాలుకతోనూ, ఒట్మార్ ముఖంతోనూ నెట్టుకొచ్చింది. ఒట్మార్ ఒకప్పుడు బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల తోటలు వేసిన ముసలాయన. బీరు రుచి చూసే రోజున పిలవకపోయినా వచ్చి కూర్చుంటాడు. ఆయన ముక్కు చిట్లిస్తే బీరు చెడినట్టు, లేకపోతే బాగున్నట్టు. దొంగచూపులు చూసి ఆవిడ తీర్పు చెప్పేది.

ఆ రోజు చర్చి జాతరకు పోయాల్సిన పిల్స్. పులిసి చల్లబడ్డాక ట్యాంకులో మళ్లీ హాప్స్ పువ్వు కూరి ఉంచిన రకం. దాని ప్రాణమంతా వాసనే. యజమాని కాస్పర్ చిన్న కుళాయి తిప్పి, ఆచారం ప్రకారం మొదటి గ్లాసు వాల్బుర్గాకిచ్చి, తర్వాత ఒట్మార్‌కొకటీ తనకొకటీ పట్టాడు. ఆవిడ నోరు విప్పేదాకా మిగతావాళ్లు పెదవి విప్పరు.

రంగు గడ్డిపసుపు. నురగ దట్టంగా నిలిచింది. గ్లాసులోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. తల్లీ మరియమ్మా, ఈ ఒక్కసారికి ఇవ్వవే అని లోపల్లోపల ఏడ్చింది. ఒక గుక్క తాగింది. చేదు బాగానే కుదిరింది. నాలుక మీద ఏదో జిడ్డు తగిలిందా? కంగారులో అదీ తేల్చుకోలేకపోయింది. ఒట్మార్ వైపు చూసింది. ఖర్మ! ఆయన చేతిరుమాలులో ముఖం దాచుకుని తుమ్ముతున్నాడు.

"ఏమక్కా?" అన్నాడు కాస్పర్.

"అద్భుతం!" అంది వాల్బుర్గా. గొంతు కీచుమంది. "ఎంత కమ్మగా ఉందో! ఇలాంటిది నా జన్మలో కాయలేదు!"

కాస్పర్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒట్మార్ చేతిరుమాలు దించాడు.

"అక్కా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు కాస్పర్.

"అద్భుతమా?" అన్నాడు ముసలాయన. "మీ నాన్న శవం లేచి కూర్చుంటుందే, ఆ మాట వింటే." గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆవిడను తేరిపార చూశాడు. ఆయన గొంతు మెత్తబడింది. "అమ్మాయ్, ఇది గుప్పున వెన్న వాసన కొడుతోంది. హాప్స్ కూరాక మళ్లీ పులిసి చెడింది. నీకు తెలియట్లేదా?"

"తెలియట్లేదు బాబాయ్," అంది. పీపా మీద కూలబడింది. "ఏ వాసనా తెలియట్లేదు. చలికాలం నుంచీ."

కాస్పర్ తన గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఆవిడ భుజం మీద చెయ్యేశాడు.

"పర్లేదక్కా," అన్నాడు.

ఆ మాట కోసమే బతికిన మనిషి ఆ మాట వినలేక చెవులు మూసుకుంది.

కాస్పర్ పక్క ట్యాంకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పాడు. నిండిన గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. వాల్బుర్గా అలవాటుగా చెయ్యి చాపింది. కాస్పర్ తల దించుకుని, ఆ గ్లాసు ఒట్మార్ చేతికిచ్చాడు.