సినిమా పాటల కింద పోయిన శాక్సఫోన్

మా బృందం వాయించిన సంగీతం ఎక్కడా మిగల్లేదు. ఇలాంటి నలుగురు ఉండేవారన్న సంగతైనా మిగలాలని ఇది రాస్తున్నాను. నలుగురిలో చదివే అలవాటున్నది నాకే కాబట్టి పని నా మీద పడింది.

మేం సోల్, జాజ్ వాయించేవాళ్ళం. పాట ఉండదు, వాద్యాలే. జాజ్‌ని నేను వినకముందే చదివాను. డిగ్రీ మధ్యలో ఆగిపోయాక లైబ్రరీలో సంగీతం అల్మారా మొత్తం పూర్తి చేశాను. అమెరికాలో నల్లవాళ్ళ చర్చి పాటల్లోంచి సోల్ పుట్టిందని అక్కడే తెలుసుకున్నాను. ఆ మాట గొప్పగా చెబితే మా శాక్సఫోన్ అన్న నవ్వాడు.

"గది పుస్తకంల సూడాల్నా తమ్మీ? మా చర్చిల కూసో, నీకే ఎర్కయితది."

ఆ అన్న ఉండేది యూసుఫ్‌గూడలో. చిన్నప్పటి నుంచి పంజాగుట్టలో తమ చర్చిలో వాయించినవాడు. ఆ చర్చి వెనక హాలే మాకు ప్రాక్టీసు గది. నాది బేస్ గిటార్. కీబోర్డు వాయించే ఆయన కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పేవారు. డ్రమ్ములతను సనత్‌నగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు. ఆదివారం ఆరాధన ముగిశాక, పక్క హాస్టల్‌వాళ్ళు తిట్టకుండా డ్రమ్ముల మీద దుప్పట్లు కప్పి మొదలుపెట్టేవాళ్ళం.

మాకు పని దొరికింది పెళ్ళి రిసెప్షన్లలో, భోజనాల వేళ.

"సింగర్ ఎప్పుడొస్తారండీ?" అని పెళ్ళివారు అడిగేవారు.

"వచ్చేశాడండీ, ఈయనే. నోరొక్కటే ఇత్తడిది," అని కీబోర్డు ఆయన అన్నని చూపించేవారు.

అన్న ఏ ట్యూన్‌నీ రెండోసారి అచ్చం అలాగే వాయించేవాడు కాదు. రికార్డు చేద్దామని ఎవరైనా అంటే, "వీడియోవాళ్ళు తీస్తనే ఉన్నరు గదా, మనకేం ఫికర్?" అనేవాడు. నిజమే కదా అనుకున్నాం. ఏ రిసెప్షన్‌లో చూసినా మా ముందు ఒక కెమెరా ఉండేది.

పోయిన వానాకాలం ఒక పొద్దున అన్న తాగుతున్న చాయ్ పెదవి పక్కనుంచి కారిపోయింది. ముఖం ఎడమవైపు పడిపోయింది. నెలలు గడిచాక కన్ను మూసుకోవడం వచ్చింది గానీ పెదవి వాద్యాన్ని పట్టలేకపోయింది. ఊదితే గాలి పక్కకే పోయేది. ముఖ నరాల గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఆ చదువు ఆయన పెదవికి ఏమీ చేయలేదు.

"నా సౌండ్ ఒక్కపారి ఇనాలె," అన్నాడు అన్న. "ఎట్లుండెనో మర్చిపోతున్న. అది యాదికుంటెనే గదా మల్ల దాని దిక్కు పోయేది."

మా రిసెప్షన్లు ఎక్కువగా తీసిన వీడియో స్టూడియో అమీర్‌పేటలోనే ఉంది. అన్నని తీసుకెళ్ళాం. ఎడిటింగ్ చేసే భాయ్ ఒక పెళ్ళి తెరిచాడు. తెర మీద అన్న, బుగ్గలు నింపుకుని, కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. స్పీకర్లోంచి మాత్రం ఏదో సినిమా డ్యూయెట్.

"అసలు సౌండ్ పెట్టండి," అన్నారు కీబోర్డు ఆయన.

"లైవ్ సౌండ్ ఎవరుంచుతరు సార్? ప్లేట్ల చప్పుడు, పిల్లల ఏడ్పు. తీసేసి పాటలేస్తం. పెండ్లోళ్ళు సుత గదే అడుగుతరు."

"పాటలు వేయకముందువి ఉండవా ఏంటి?"

"వీడియో ఇచ్చినంక తీసేస్తం సార్. జాగా ఉండాలె గదా."

అయినా ఆ భాయ్ మధ్యాహ్నమంతా ఒక్కో హార్డ్ డిస్కూ తెరిచి చూశాడు. అన్నింటిలోనూ పాటలే. తర్వాత పెళ్ళివాళ్ళ ఫోన్లలోనూ వెతికించాం. దొరికిన తునకల్లో నవ్వులు, పలకరింపులు, వెనకెక్కడో మేం.

అన్న ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. "ఇందుల నేనేడున్న తమ్మీ?" అని డ్రమ్ములతన్ని అడిగాడు. అతను సౌండ్ పూర్తిగా పెంచాడు. నవ్వులే పెద్దవయ్యాయి.

ఇప్పుడు ఆదివారాలు హాల్లో కూర్చుని లేచి వస్తున్నాం. శాక్సఫోన్ పెట్టె తెరవమని ఎవరం అనం.

తన పేరు రాయొద్దన్నాడు అన్న, అందుకే ఎవరి పేర్లూ రాయడం లేదు. హాలు తాళం మాకే వదిలేసిన పాస్టరు గారికి, దుప్పట్లు కప్పినా ఆగని మా చప్పుడు భరించిన హాస్టల్‌వాళ్ళకు, గిరాకీలను ఆపి మా కోసం వెతికిన స్టూడియో భాయ్‌కి, గడువు దాటిన పుస్తకాలు అడగని లైబ్రరీ మేడమ్‌కి, కీబోర్డు సార్‌కి, డ్రమ్ముల తమ్ముడికి కృతజ్ఞతలు. అన్న భార్యకు, మా వదినకు, మరీ ఎక్కువగా. డాక్టరు ఇక చాలన్నా ఆమె రోజూ ఆ చెంపకు కాపడం పెడుతూనే ఉంది.