రేడియేటరులో కొత్తకారం

ఆ రోజుల్లో మా ప్రాంతంలో కారు ఉన్నవారికంటే కారు జబ్బులు తెలిసినవారే ఎక్కువ. బండి రోడ్డు పక్కన ఆగడమే తరువాయి, మిరప చేలల్లోనుంచి నిపుణులు మొలుచుకొచ్చేవారు. అటువంటి విజ్ఞానం నా పెళ్ళిచూపుల ప్రయాణాన్ని ఏ గతి పట్టించిందో ఇప్పుడు రాయవలసిన అగత్యం ఏర్పడింది. ఏమంటే, ఆ కథ మా ఇంట్లో ఒక తీరుగా, మా అత్తవారింట మరొక తీరుగా చెలామణి అవుతోంది. పిల్లను చూడకముందే నేను భయంతో ఏడ్చానని అత్తవారి పాఠం. ఏడ్చినమాట వాస్తవమే, కారణం వారు చెప్పేది కాదు. కుటుంబ చరిత్రలో ఇటువంటి అస్తవ్యస్తతను సహించడం నా స్వభావానికి విరుద్ధం కనుక, జరిగినది జరిగినట్లు వరుసలో పెడుతున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను చిలకలూరిపేటలో జూనియర్ కళాశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. సంబంధం కనిగిరిది. ఫొటో చూసిననాటినుంచి నా బోర్డు మీది లెక్కల్లో తప్పులు దొర్లుతున్నాయంటే నా స్థితి ఊహించుకోవచ్చు. మమ్మల్ని తీసుకువెళ్ళే భారం మా మావయ్య (అమ్మకు అన్నగారు) తన పాత అంబాసిడర్‌తో సహా నెత్తిన వేసుకున్నాడు. వారమంతా మిరప బస్తాలు మోసే ఆ కారులో కూర్చుంటే తుమ్మకుండా లేవడం ఎవరివల్లా అయ్యేది కాదు. ముందు సీట్లో మావయ్య పక్కన మధ్యవర్తి. పంచాంగం లేనిదే చెప్పులు కూడా తొడగని ఆయన్ను మేము వర్జ్యం తాతయ్య అనేవాళ్ళం. వెనక నేనూ, అమ్మా. అమ్మ ఒళ్ళో సంచి, సంచిలో పసుపు, కుంకుమ, పూలు. కాళ్ళ దగ్గర, కనిగిరిలో ఉన్న అమ్మ పినతల్లి కోసం కొత్తకారం డబ్బా.

బయలుదేరుతూనే తాతయ్య హెచ్చరించాడు. "పిల్ల తండ్రి మహా పట్టుదల మనిషి. నాలుగింటికి వర్జ్యం. పోయిన సంబంధం వాళ్ళు వర్జ్యంలో దిగారని గేటు దగ్గరే తలా గ్లాసు మజ్జిగిచ్చి సాగనంపాడు." ఆ మాటతో నా గుండె నాలుగు గంటల కేసి పరుగెత్తడం మొదలుపెట్టింది. కారు మాత్రం పరుగెత్తలేదు. మావయ్యకొక అలవాటుంది. మిల్లుకు పోయే పత్తి లారీ కనబడితే దాని వెనకే, బారెడు దూరంలో తోలుతాడు. "ఎదురుగాలి వాడు కాస్తాడు, మనకి డీజిలు కలిసొస్తుంది" అనేది ఆయన సిద్ధాంతం. పొట్ట పగిలేలా నింపిన లారీలోనుంచి దూది రేగి, అద్దం మీద అక్షింతల్లా పడుతోంది. "శుభశకునం!" అన్నాడు తాతయ్య. (శకునం మా మీద కాక కారు ముందు జాలీలోనుంచి రేడియేటరు ముఖాన పడుతోందని అప్పటికెవరికీ తట్టలేదు.)

అద్దంకి దాటాక ఇంజను వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత ఎక్కింది. బానెట్టు అంచులనుంచి ఆవిరి. ఒక మిరప కల్లం పక్కన ఆపాము. కల్లంలో కాయలు ఏరుతున్న ఆవిడ తలెత్తి, "ఏందయ్యా, ఇడ్లీలా?" అని పలకరించింది. నేను కిందికి దిగి నా విద్యకు తగినట్లు క్రమాన్ని ప్రకటించాను: మొదట ఇంజను చల్లారనివ్వాలి, పిమ్మట నీరు, ఆ పిమ్మట ఫ్యాను బెల్టు, చివర రేడియేటరు ముఖం.

"ఒరేయ్ అల్లుడూ, ఇది నీ క్లాసు కాదు, పిల్లలు బెంచీల మీద కూచుని వినడానికి. కింద చూడు, ధారగా కారుతోంది. రేడియేటరుకి బెజ్జం పడింది" అన్నాడు మావయ్య.

(కారుతున్నది మరిగి పొంగిన నీరు. జ్వరం వస్తే చెమట పట్టింది. మేము చెమటకు వైద్యం మొదలుపెట్టాము.)

"చెల్లాయ్, ఆ పసుపిటు తే. గుప్పెడు పోస్తే బెజ్జం పూడుకుంటుంది."

అమ్మ సంచిని గుండెలకు హత్తుకుంది. "ఇంకా నయం! శుభానికి తెచ్చిన పసుపు ఇంజనుకి పోస్తారా ఎవరైనా? అంతగా కావలిస్తే కారం తీసుకో అన్నయ్యా, పిన్నికి మళ్ళీ పంపుదాం."

ఈ నిర్ణయంలోని ధర్మసూక్ష్మాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. నేను ప్రశ్నించకపోవడమే కాదు, సమర్థించాను. పొడి నీటిలో ఉబ్బి సూక్ష్మరంధ్రాలను ఎలా మూస్తుందో కల్లంలో ఆవిడతో సహా అందరికీ వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మా కారమైతే ఇంకా బాగా మూస్తది, కావాలా?" అంది. కల్లంలోని బిందెడు నీళ్ళూ, డబ్బాలో సగం కారమూ రేడియేటరులోకి పోయాయి. కారడం ఆగింది. పొంగడానికి కారణమైన మంట కాసేపు చల్లారింది కనుక ఆగింది. ఘనత మాత్రం కారానికీ, నా ఉపన్యాసానికీ చెరిసగం దక్కింది.

పొదిలి దాటేసరికి ముల్లు మళ్ళీ లేచింది. మావయ్య చూశాడు, భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పాడు. "ముల్లు అబద్ధం చెబుతోందిలే" అన్నాడు. రోగి నోరు మూస్తే రోగం కుదిరినట్లే కనుక ప్రయాణం సాగింది. నాలుగింటికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా, ఈల వేస్తున్న కారుతో కనిగిరిలో పిల్లవారి గేటు ముందు ఆగాము. మల్లెపువ్వులాంటి పంచెలో కాబోయే మామగారు, వెనక బంధుజనం, చేతుల్లో నీళ్ళ చెంబులు.

"ఒక్క నిమిషం బావగారూ, దీనికి కాస్త గాలాడనిద్దాం" అంటూ మావయ్య బానెట్టు ఎత్తి, తువ్వాలు చుట్టి, మూత తిప్పాడు.

ఎర్రని ఆవిరి తాటిచెట్టంత లేచి, గాలి వాటున ఇరువైపుల పెళ్ళివారి మీదా దిగింది. అటుపైన అంతా దగ్గులూ, తుమ్ములూ, శోకాలూ. మామగారు కళ్ళు మూసుకునే చేతులు జోడించి, "దయ... దయచెయ్యండి... వర్జ్యం..." అంటున్నారు. ఏడుపులు విని ఎవరికేమైందోనని పెళ్ళికూతురే చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూడలేదు. కారు ముందుకు వెళ్ళి, వంగి, జాలీలోకి చూసింది.

"ఇదేంటండీ, లోపల పరుపు పెట్టుకొచ్చారు? దీనికి గాలెట్టా ఆడుద్ది? పత్తి సీజన్లో మా ట్రాక్టరుకీ ఇంతే, వారానికోసారి కడుగుతాం."

నా క్రమంలో చివరి అంశాన్ని ఆమె మొదటి అంశంగా ముగించి, లోపలికి వెళ్ళి పెద్ద చెంబుతో తిరిగొచ్చింది. చెంబులో మజ్జిగ. తాతయ్య కన్నీళ్ళలోనుంచే దాన్ని గుర్తుపట్టి గొల్లుమన్నాడు. "మజ్జిగే! అయిపోయింది, సంబంధం పోయింది!"

"కళ్ళు కడుక్కోవడానికి తాతగారూ. మంట తగ్గుతుంది. కాఫీ లోపల ఉంది, రండి" అంటూ చెంబు మొదట నా చేతికిచ్చింది.

సాయంత్రం రేడియేటరులోని ఎర్రనీళ్ళు వంపి, వెనకనుంచి పైపుతో నీళ్ళు కొడితే దూది ముద్దలుగా రాలింది. తిరుగు ప్రయాణంలో ముల్లు చల్లగా పడుకుంది. (మావయ్య మాత్రం కారం పోయకపోతే అక్కడిదాకా రాలేకపోయేవాళ్ళమని నేటికీ వాదిస్తాడు.) ఆ వేసవిలోనే పెళ్ళి జరిగింది. అప్పగింతలప్పుడు ఒక్కరి కన్నూ చెమర్చలేదు. బంధువులు తప్పుపట్టబోతే, "మా ఏడుపు ముందే ఏడిపించారు గదయ్యా" అన్నారు మామగారు.

భౌతికశాస్త్రంతో రేడియేటరులో కారం పోయించిన ఆ యువకుడిపై ఇప్పుడు నాకు కోపం రావడం లేదు. ఇక పొరపాట్ల విషయం. యంత్రాలు తెలిసినవారు ఇంజను సంగతులూ, పంచాంగం తెలిసినవారు వర్జ్యం సంగతులూ సరిదిద్దితే సంతోషిస్తాను. నా శ్రీమతి ఇదంతా చదివి, తాను "పరుపు" అనలేదనీ, "దిండు" అన్నాననీ అంటోంది. నాకు పరుపనే గుర్తు. ఆ సమయంలో ఆ గేటు దగ్గర కళ్ళు తెరుచుకుని ఉన్నవారెవరైనా ఉంటే, దయచేసి తెలియజేయవలసిందిగా మనవి.