మందు వాసన మీద మల్లె అత్తరు

పోయిన ఆదివారం గద్వాలలో మా చిన్నాన్న మనవడి పెళ్ళికి వెళ్ళి వచ్చాను. ఈ కాలపు పెళ్ళిళ్ళలో మన ఈడు వాళ్ళం చేయగలిగిన పనులు కడుపునిండా తినడం, ఫోటోకు నిలబడడం, ఎవరు ఎవరి కొడుకో తెలియక కనబడిన ప్రతివాడికీ తల ఊపడం, అంతే కదా. అట్లా తల ఊపుకుంటూ నిలబడి ఉంటే, పెళ్ళికొడుకు స్నేహితుడట, గడ్డం నున్నగా దువ్వుకున్న ఒకాయన పెదనాన్నా అంటూ వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు. గుప్పుమని మల్లెపూల వాసన. మగవాడి ఒంటి మీద మల్లెపూల వాసన వస్తే మా రోజుల్లో వాడిని ఊరు దాటేదాకా ఏడిపించేవాళ్ళం; ఇప్పుడు గులాబీ, మల్లె, మొగలి, ఏది పడితే అది కొట్టుకుని తిరుగుతున్నారు, నవ్వేవాడు లేడు, మంచిదే. కానీ ఇంటికి వచ్చి తలుపు తట్టగానే నా భార్య గడపలోనే ఆగిపోయి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "చొక్కా ఆడనే ఇడువు" అంది. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, బనియన్‌తో వాకిట్లో నిలబడి చొక్కాను నీళ్ళ బకెట్లో ముంచి, దాని పక్కనే కూర్చున్నాను.

ఆ బకెట్ పక్కన కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకు వచ్చిన ఒక వానాకాలం. ఆ వానాకాలంలో రెండు వారాల పాటు నేను చెవిలో మల్లె అత్తరు దూది పెట్టుకుని తిరిగాను. అప్పట్లో సాయిబులు పండుగకు అత్తరు పెట్టుకునేవాళ్ళు, మన పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లేవాళ్ళు, మిగిలిన రోజుల్లో మా వంటి వ్యవసాయదారుల వాసన చెమట వాసనే. నేను షోకు కోసం పెట్టుకోలేదు. షోకు కోసమైతే ఇంత చెప్పుకోవలసిన పనే లేదు.

మానవపాడు దగ్గర మా ఊళ్ళో అప్పుడు ఏ చేను చూసినా విత్తన పత్తే. మామూలు పత్తి లాంటిది కాదు అది. చేనులో ఆడసాళ్ళు వేరు, మగసాళ్ళు వేరు. సాయంత్రం పూట ఆడసాళ్ళలో విచ్చబోయే మొగ్గలను ఒలిచి పుప్పొడి తీసేయాలి, తెల్లవారి మగసాళ్ళ పూలు తెచ్చి ఒక్కొక్క దాని మీద రాయాలి. ఆ పని ఆడకూలీలది. పురుగు పడకుండా వారానికి రెండు తడవలు మందు కొట్టడం నా పని. నాన్నకు దమ్ము, మందు దగ్గరికి పోతే ఊపిరి ఆడదు, కాబట్టి వీపు మీద డబ్బా మోసేది నేనొక్కడినే. ఆ మందు ఎట్లా వాసన వచ్చేదో మీలో చేసిన వాళ్ళకు చెప్పనక్కరలేదు, చేయని వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. కుళ్ళిన ఉల్లిగడ్డకూ కిరసనాయిలుకూ మధ్య ఏదో ఒకటి. బట్టల్లోనే కాదు, గోళ్ళ సందుల్లో, చెవుల వెనక, తల వెంట్రుకల్లో ఇంకిపోయేది, ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోయేది కాదు.

అంతకు ముందటి ఏడాది ఎండాకాలంలో నాకు పెళ్ళయింది. నా భార్యకు పూల పిచ్చి, అందులోనూ మల్లెలంటే ప్రాణం. శ్రీరంగాపూర్‌లో వాళ్ళ ఇంటి పెరట్లో మల్లె పొద ఉండేది, కాపురానికి వస్తూ దాని కొమ్మ కూడా ఒకటి తెచ్చి మా బాయి దగ్గర నాటింది. మొదటి ఏడాది మేము ఏమి మాట్లాడుకున్నామో అంతా మరచిపోయాను గానీ, ఆమె జడ వైపు నుంచి వచ్చే ఆ వాసన మాత్రం ఇప్పటికీ మరవలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, సంతోషం అంటే నాకు ఆ ఏడాదే. తరువాతి వానాకాలం పత్తి మొగ్గ తొడిగే సమయానికి ఆమెకు నెల తప్పింది. మా అమ్మ ఊరంతా చక్కెర పంచింది. పది రోజులకు వేవిళ్ళు మొదలయ్యాయి.

వేవిళ్ళు ఎవరికి రావు! కానీ ఆమెకు అన్నం వాసన పడింది, పోపు వాసన పడింది, పడనిదల్లా నా వాసనే. నేను చేను నుంచి వచ్చి వాకిలి దగ్గర చెప్పులు విడిచేలోగా ఆమె పెరట్లోకి పరుగెత్తేది. తిన్నది నిలిచేది కాదు. కుంకుడుకాయ, సున్నిపిండి, నిమ్మకాయ, పసుపు, ఒకసారి ఎవరో చెప్తే బూడిద కూడా, అన్నీ రుద్దుకున్నాను. తోలు ఊడింది గానీ మందు వాసన ఊడలేదు. గద్వాల దవాఖానాలో రెండు సార్లు సెలైన్ ఎక్కించారు. బరువు తగ్గుతోంది, ఇట్లా అయితే కడుపులో బిడ్డకు కష్టమని డాక్టరమ్మ అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మందు కొట్టడానికి మనిషిని పెడదామంటే ఆ నెలల్లో ప్రతివాడూ వాడి చేనులోనే డబ్బా మోస్తుంటాడు. నాన్న ఒకనాడు అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "పురుగు చేన్ల వడె, వేవిళ్ళు ఇంట్ల వడె, రెండిటికీ ఒక్కటే నెల దొరికెనారా" అన్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

గద్వాలకు మందు డబ్బాల కోసం పోయినప్పుడు బస్టాండు గోడ పక్కన ఒక ముసలి సాయిబు చెక్కపెట్టెలో అత్తరు సీసాలు పెట్టుకుని కూర్చునేవాడు. అప్పటిదాకా ఆయన వైపు చూసిన పాపాన పోలేదు. ఆనాడు ఎందుకో ఆగి, సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "గులాబ్ ఒద్దు బేటా, గాటుగ ఉంటది. మల్లె తీస్కో, ఆడోళ్ళకు పానం నిమ్మలమైతది" అని, పుల్లకు దూది చుట్టి సీసాలో ముంచి నా చెవి మడతలో పెట్టాడు. ఒంటి వేడికి వాసన మెల్లగా లేస్తుందని, జర ఓపిక పట్టమని చెప్పాడు. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ రెండు మూడుసార్లు వాసన పీల్చి, పూలు ఎవరి దగ్గరున్నాయా అని ముందు సీట్ల వైపు తొంగి చూసింది.

ఆ సాయంత్రం నీళ్ళు పోసుకుని, మెడకూ మణికట్లకూ అత్తరు రాసుకుని, చెవిలో దూది పెట్టుకుని లోపలికి పోయాను. ఆమె కొంగు ముక్కు దాకా తీసుకుపోయి ఆగింది. కొంగు దించింది. మల్లెలు పూయని నెల కదా, ఎక్కడి నుంచి తెచ్చినవని నా చేతుల వైపు చూసింది. నా చేతుల్లో ఏమీ లేదు. దగ్గరికి వచ్చి నా భుజం మీద ముఖం పెట్టి, "పెండ్లినాటి వాసనొస్తున్నవ్" అంది. నెల రోజుల తరువాత ఆ మనిషి నా దగ్గరికి రావడం అదే. ఆ పూట రొట్టె తిన్నది, కూర మళ్ళీ వేసుకున్నది, నిలిచింది. మా అమ్మ వంటింట్లోనే కళ్ళు ఒత్తుకుంది. నాకైతే ఇన్నాళ్ళూ ఈ ఆలోచన రాని నా తెలివి మీద కోపం, ఆ సాయిబు మీద దేవుడంత గౌరవం కలిగాయి.

ఇక చేనులో నా బతుకు చూడాలి. కూలీ ఆడవాళ్ళకు నేను దొరికిపోయాను. నేను గట్టు మీదికి రాగానే ఒకామె "మగపువ్వు వచ్చెనే, రాయుండ్రి రాయుండ్రి" అనేది, ఇరవై మంది ఒక్కసారి నవ్వేవాళ్ళు. అందరికంటే పెద్దామె మాత్రం, "నవ్వకుండ్రే, పెండ్లానికోసం పూసుకున్నోన్ని నవ్వుతరా, మీ మొగోళ్ళు సారా వాసన తప్ప ఏం వాసనొస్తరు" అని గద్దించేది. అయినా పేరు నిలిచిపోయింది. మగపువ్వు. నేను ఏమీ అనుకోలేదు. ఇంటిదగ్గర మనిషి అన్నం తింటోంది, నాకు అదే పదివేలు.

పన్నెండు పదమూడు రోజులు గడిచాయి. ఒకనాడు పొద్దుగూకే వేళ మందు కొట్టి, బాయి దగ్గరే స్నానం చేసి, అత్తరు మామూలు కంటే కొంచెం ఎక్కువగానే రాసుకుని ఇంటికి వస్తున్నాను. గాలి నా వెనక నుంచి వీస్తోంది. ఇంకా మలుపు తిరగనే లేదు, మా అరుగు మీద నుంచి ఆమె వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను కనబడక ముందే నా అత్తరు ఆమెను చేరింది. పరుగెత్తి పోయాను, ఆమె ఒక చేత్తో నా చేయి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ముక్కు మూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వొస్తుంటే నాకు సంబరమే. గా మల్లె వాసన లేస్తే దాని ఎనకాల మందు వాసన తెలుస్తది, కడుపుల తిప్పుతది. నేనేం జేద్దును చెప్పు" అంది. విషం మీద నేను పూలు కప్పాననుకున్నాను, ఆమె ముక్కులో ఆ రెంటినీ ఒకటి చేశాను. ఆ రాత్రి అత్తరు సీసా పెంటకుప్పలో విసిరేశాను, అప్పటికే చేయవలసిందంతా చేసేశాను కదా.

మరునాడే మా బావ వచ్చి తన చెల్లెలిని శ్రీరంగాపూర్ తీసుకుపోయాడు. బస్సెక్కేటప్పుడు నేను దూరంగా నిలబడవలసి వచ్చింది, నా భార్యను నేను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి పంపించాను.

పదిహేను రోజులకు ఆగలేక శ్రీరంగాపూర్ పోయాను. మందు కొట్టి నాలుగు రోజులయ్యాక, మా నాన్న ధోవతి చొక్కా వేసుకుని, పెబ్బేరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వాళ్ళ వాకిట్లోకి అడుగు పెట్టగానే ఆమె ముఖం వెలిగింది, మరుక్షణం వాడింది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. మందు కొట్టేవాడు ముందు చూసేది గాలి వాటం. మన్ను పైకి ఎగరేసి గాలి ఎటుందో చూసుకుని, మందు ముఖాన పడకుండా నిలబడతాడు. నేను పెరట్లో మన్ను ఎగరేసి చూసి, ఆమెను ఆ పక్క మంచం మీద కూర్చోమని, గాలి ఆమె మీది నుంచి నా వైపు వచ్చేటట్టు ఈ పక్క స్టూలు వేసుకుని కూర్చున్నాను. మధ్య పది గజాలు. ఒంట్లో ఎట్లా ఉంది, తింటున్నావా, మా ఊళ్ళో వాన పడిందా, అన్నీ కొంచెం గట్టిగా మాట్లాడుకున్నాము. ఆ దిక్కుమాలిన గాలి ఊరుకుందా, మాటిమాటికీ మళ్ళింది, మళ్ళినప్పుడల్లా నేను స్టూలు ఎత్తుకుని ఇంకో మూలకు పోయాను. మా అత్త చాయ గిలాస పట్టుకుని వచ్చి, "ఏంది అల్లుడా, గట్ల ఎండల కూసున్నవ్, నీడకు రారాదు" అంది. నాలుగోసారి స్టూలు ఎత్తినప్పుడు నా భార్య పకపకా నవ్వింది, నవ్వుతూనే కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. నాకు లేచి పోయి ఆ తల నిమరాలని ఉంది. గాలి అప్పుడు నా వైపు నుంచి వీస్తోంది.

పత్తి ఏరడాలు అయిపోయి, నా ఒంట్లో మందు వాసన పూర్తిగా పోయాక ఆమె తిరిగి వచ్చింది. బిడ్డ నిక్షేపంగా పుట్టింది, ఆ దేవుడి దయ. వేవిళ్ళు ఆమెను ఎప్పుడో విడిచిపెట్టాయి, నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకోవడం పోయింది. ఇక అంతా సర్దుకుందనుకుని, ఎండాకాలం మల్లెలు రాగానే మూరెడు పూలు తెచ్చాను. సంతోషంగా తీసుకుని జడలో పెట్టుకున్నది, పిల్లకు పాలిస్తూ కూర్చున్నదల్లా ఒక్కసారిగా పిల్లను నాకిచ్చి పెరట్లోకి పోయింది. మా అమ్మ ఏమనుకుంటుందోనని ఇంకో రెండుసార్లు ప్రయత్నం చేసింది. మూడోనాడు తానే బాయి దగ్గరికి పోయి, తాను తెచ్చి నాటిన మల్లె పొదను తవ్వి, పక్క చేను వాళ్ళ కోడలికి ఇచ్చి వచ్చింది. ముత్తైదువ మల్లెలు పెట్టుకోదేమని చుట్టాలు అడిగితే, తలనొప్పి అని చెప్పి కనకాంబరాలు పెట్టుకునేది. నన్ను మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇప్పుడు మేము విత్తన పత్తి మానేసి పదేళ్ళు దాటింది. ఆ మందు డబ్బా మోసిన వీపు వంగింది, నాన్న లేడు, మగపువ్వు అని పిలిచిన ఆడవాళ్ళలో కొందరు కనబడితే పలకరిస్తారు గానీ ఆ పేరు వాళ్ళకూ గుర్తు లేదు. పూల వాసన పూసుకున్న మగవాడిని చూసి నవ్వే రోజులు పోయాయి. ప్రతి ఏడూ ఎండలు ముదిరే సమయానికి గద్వాల బస్టాండు దగ్గర మల్లెపూల గంపలు దిగుతాయి, సాయంత్రం బస్సుల్లో నా ఈడు మగవాళ్ళ చేతుల్లో ఆకు పొట్లాలు కనబడతాయి. నేను మామిడిపండ్లు తీసుకుని ఇంటికి పోతాను. ఆమె సంచి అందుకుంటూ ప్రతి ఏడూ ఒకే మాట అడుగుతుంది.

"గద్వాలల మల్లెపూలు దిగినయా?"

"దిగినయి."

"మస్తుగనా?"

మస్తుగా దిగినయని చెప్తాను. మొగ్గలు ఎంత లావున్నాయో, మూర ఎంతకు అమ్ముతున్నారో కూడా చెప్తాను, ఆమె వింటుంది.