కట్టేసిన స్టార్టర్లు

మా అక్కకు నెలలు నిండకుండా బిడ్డ పుట్టేనాటికి నా డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. అందుకని ఆసుపత్రిలో తోడుకి నన్ను పంపారు. రాజోలు వెళ్ళే దారిలో, మా ఊరికి దగ్గర్లోనే ఉన్న చిన్న నర్సింగ్ హోము అది. బిడ్డను చెక్కపెట్టెలో, రెండు బల్బుల వేడిలో ఉంచారు. నా సంచిలో ఒక నవల ఉంది గానీ, కళ్ళు పేజీ మీద నిలిచేవి కావు.

దాళ్వా రోజులు, చేలల్లో రెండో పంట. మంచు ఇంకా విడవని పొద్దుటి వేళ కరెంటు పోయింది. కాంపౌండరు పెరట్లోకి పరుగెత్తి జనరేటరు తిప్పాడు. అది కాసేపు ఆడి, నల్లటి పొగ వదిలి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ కదల్లేదు. అక్క జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. డాక్టరమ్మగారు బిడ్డను దూదిలో చుట్టి, నా గుండెల మీద ఆనించి, పైన రగ్గు కప్పారు.

"కదలకమ్మా. ఇప్పుడు నీ ఒంటి వేడే దానికి. కరెంటొచ్చేదాకా ఇలాగే కూర్చో."

కూర్చున్నాను. దగ్గొస్తే దిగమింగుకున్నాను. బిడ్డ ఊపిరి ఒకసారి తగిలేది, ఒకసారి తగిలేది కాదు. తగలనప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

బల్బులు భగ్గున వెలిగి వెంటనే ఆరిపోయాయి. కాసేపటికి మళ్ళీ అంతే. సబ్‌స్టేషనుకు వెళ్ళొచ్చిన కాంపౌండరు, అక్కను చూడడానికొచ్చి వరండాలో కూర్చున్న మా నాన్నగారితో చెబుతున్నాడు.

"లైను బాగానే ఉందంటండి. వెయ్యగానే లోడెక్కువై పడిపోతందంట. చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తన్నాయండి. స్టార్టర్లు కట్టేసేరు కదండి!"

ఆ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. మావి కాలువ చివరి చేలు. నీరందక అందరూ బోర్లు వేసుకున్నారు. కరెంటు పోతే మోటారు స్టార్టరు మీట దానంతటదే విడిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు గనుక, రాగానే మోటారు ఆడేలా మీట విడిపోకుండా కొబ్బరితాడుతో బిగించి కట్టి ఇంటికి వచ్చేస్తారు. మాదీ కట్టే ఉంది.

"అందర్నీ విప్పమని చెప్పండి," అన్నారు డాక్టరమ్మగారు.

"ఎవడిప్పుతాడండీ?" నాన్నగారి గొంతు. "నేనిప్పితే నా చేను ఎండుద్ది, పక్కోడి చేను తడుస్తది. ఆడూ అదే అనుకుంటాడు. మా ఊరి సంగతి మీకు తెల్దండి."

"ఆయ్, లోపలున్నది పక్కోడి మనవరాలు కాదు కదండీ," అన్నాడు కాంపౌండరు.

కుర్చీ కిర్రుమంది. నాన్నగారు లేవలేదు.

ఆయనకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నేను అనదలచుకున్నవి డైరీలో అనేసుకుని మూసేసేదాన్ని. ఇప్పుడు లేవడానికి లేదు, గట్టిగా పిలిస్తే బిడ్డ ఉలిక్కిపడుతుందేమోనని భయం.

"నాన్నగారండీ," అన్నాను. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, బిడ్డవైపు చూడకుండా నిలబడ్డారు.

"ముందు మనది విప్పండి. ఆ తాడు చేత్తో పట్టుకెళ్ళి మిగతావాళ్ళని అడగండి. అది చూస్తే వాళ్ళూ విప్పుతారు."

"నవ్వుతారే."

"నవ్వనివ్వండి. దీని కాళ్ళు చల్లబడుతున్నాయి."

కాసేపటికి సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.

మళ్ళీ బల్బులు వెలిగాయి, ఆరాయి. ఎవరు విప్పి ఉంటారు, ఎవరు గుమ్మంలోంచే పంపేసి ఉంటారు అని ఊళ్ళో ఒక్కొక్క ఇల్లే తలుచుకుంటూ కూర్చున్నాను. నా చేతులు ఎప్పుడో తిమ్మిరెక్కాయి. బిడ్డ బరువు కూడా తెలియడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈసారి బల్బులు ఎర్రగా, ఈసురోమంటూ వెలిగాయి. అందరూ విప్పలేదన్నమాట, కొన్ని మోటార్లు ఇంకా కరెంటు లాగుతున్నాయి. అయినా ఆరలేదు.

"ఉండు, అప్పుడే నమ్మడానికి లేదు," అని డాక్టరమ్మగారు పెట్టెలో చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు. వెచ్చబడ్డాకే బిడ్డను నా దగ్గర్నుంచి తీసుకున్నారు. అరికాలు మీద వేలితో కొట్టారు. సన్నగా ఏడ్చింది.

నా చేతులు మాత్రం ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. ఆవిడే నా మోచేతులు పట్టుకుని మెల్లగా సాగదీశారు.